బండి కదిలిన రోజు

వేగివారిపాలెం,
3 జూన్ 1995.

బాబాయ్‌కి,

క్షేమసమాచారాలు తర్వాత. నిలబడి ఉంటే ముందు కూర్చో. నాకు ఇంటర్వ్యూ లెటర్ వచ్చింది! ఆర్మీలో ఆడపిల్లల్ని ఆఫీసర్లుగా తీసుకుంటున్నారని నువ్వు పేపరు ముక్క కత్తిరించి పంపావే, దానికే. ఆగస్టు 21న భోపాల్‌లో హాజరవ్వాలి. పోస్టుమేన్ జీవరాజు కవరు మీద ముద్ర చూసి, "అమ్మాయిగారూ, ఇదేదో కోర్టు గొడవలా ఉందండి. సంతకం పెట్టేముందు నాన్నగార్ని ఓ మాట అడగండి" అన్నాడు.

సంతకం పెట్టేశాకే అడిగాను. భోజనాల దగ్గర, నాన్న ముద్దపప్పులో ఆవకాయ కలుపుకుంటూ హుషారుగా ఉన్న సమయం చూసి మరీ అడిగాను. చేతిలో ముద్ద నోటి దాకా వెళ్ళి ఆగింది. "అలాగే. ఆ బండి కదిలిన రోజు పంపిస్తాలే" అన్నాడు. ముద్ద లోపలికి వెళ్ళిపోయింది. నా కథ అక్కడితో ఆఖరు.

నువ్వు సెలవుకొచ్చి రెండేళ్ళు దాటింది కాబట్టి తెలీదు, ఆ మాట ఇప్పుడు మరీ ముదిరింది. యుద్ధం అయ్యాక మిలిటరీవాళ్ళు వేలం వేస్తే తాతయ్య కొన్న ఆ అమెరికా లారీ, ఎనభై ఆరు వరదల్లో కాలవగట్టు మీద ఎక్కడ ఆగిందో ఇప్పటికీ అక్కడే ఉంది. దాని మీద సత్తియ్య పాక వేశాడు. పాక మీద సొరపాదు పాకింది. డ్రైవరు సీట్లో కోడి గుడ్లు పెడుతోంది. ఊళ్ళో ఎవరికి ఏది ఎగ్గొట్టాలన్నా ఇప్పుడు ఆ బండినే చూపిస్తున్నారు. గట్టు మీద కంకర ఎప్పుడు పోయిస్తారండీ అంటే ప్రెసిడెంటు అమ్మిరాజుగారు, "ఆయ్, బండి కదిలిన రోజే పోయించేద్దామండి" అంటారు. పాలకొల్లులో చెల్లెలింటికి వెళ్ళవా అంటే నాన్నమ్మ, "బండి కదిలిన రోజు తొక్కుతానే దాని గడప" అంటుంది. నువ్వు మాత్రం తక్కువ తిన్నావా? వీరవేణి టీచరుగారి సంబంధం వచ్చినప్పుడు, "బండి కదిలిన రోజు చేసుకుంటానమ్మా" అని చెప్పి రైలెక్కేశావు. ఆవిడ ఇప్పటికీ మా హైస్కూల్లో సైన్సు చెబుతూనే ఉన్నారు, పెళ్ళి చేసుకోకుండా.

కాబట్టి బాబాయ్, నేనా బండిని కదుపుతాను. నవ్వకు. బీఎస్సీ ఫిజిక్సు చదివి వడియాలు ఎండబెడుతున్నదాన్ని, ఏదో ఒకటి కదపకపోతే పిచ్చెక్కేలా ఉంది. సత్తియ్య దాని పాత డ్రైవరు కదా, ఇంజను బతికే ఉందంటాడు. ఏటా దసరాకి ప్లగ్గులు ఊడదీసి, ఒక్కో కన్నంలో గరిటెడు నువ్వుల నూనె పోసి, చేత్తో నాలుగు చుట్లు తిప్పుతాడట. తలంటు అంటాడు దాన్ని. ఇక మిగతాది నువ్వు చెప్పు. మిలిటరీ వర్క్‌షాపులో నువ్వు పాతికేళ్ళ నుంచి చేసే పని అదే కదా.

ప్రస్తుతానికి వడియాలు కాపలా కాస్తున్న,
దుర్గాశ్రీ


జబల్పూర్,
11 జూన్ 1995.

చిరంజీవి దుర్గకి బాబాయ్ ఆశీస్సులు.

నీ ఉత్తరం వర్క్‌షాపులో విప్పి ఒక్క కేక పెట్టాను. మా సుబేదారుగారు మనింట్లో ఎవరో పోయారనుకుని టోపీ తీసేశారు. విషయం చెప్పాక ఆయనే అడిగారు, "అయితే సత్యప్రసాద్, నీ అన్న కూతురికి నువ్వే సెల్యూట్ కొట్టాలన్నమాట" అని. కొడతాను. ముందు నువ్వు భోపాల్ రా.

అన్నయ్య అన్నదాంట్లో ఒక పొరపాటుంది. అది కదలదని ఆయన నమ్మకం. నలభై మూడులో చేసిన బండి, ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజను, పది చక్రాలకీ బలం అందుతుంది. మన్యం ఘాట్ల మీద మా నాన్న దాంతో టేకు దుంగలు లాగాడు. వరదల్లో లంకవాళ్ళని నలభైమందిని ఎక్కించుకుని మొలలోతు నీళ్ళలో అన్నయ్యే దాన్ని గట్టెక్కించాడు. అలాంటిది చచ్చిపోదమ్మా. ఎద్దు పడుకున్నట్టు పడుకుందంతే.

కానీ నువ్వుల నూనె ఏంటే! అది ఇంజనా పులిహోరా? చదవగానే తల పట్టుకున్నాను. తర్వాత ఆలోచిస్తే, సత్తియ్యకి నా తరఫున దణ్ణం పెట్టు అని రాయాలనిపించింది. ఆ తలంట్లే లేకపోతే పిస్టన్లు ఈపాటికి సిలిండర్లకి కరుచుకుపోయేవి, మనం చెయ్యగలిగింది ఏమీ ఉండేది కాదు. అయితే ఆ నూనె గడ్డకట్టి పైన వాల్వులు అంటుకుపోయి ఉంటాయి. ప్లగ్గులు తీసి కిరసనాయిలు పొయ్యి. నాలుగు రోజులు నానబెట్టు. ఆ తర్వాతే హేండిల్ పెట్టి తిప్పు, అదీ బియ్యం విసిరినంత మెల్లగా. ట్యాంకులో పాత పెట్రోలంతా పారబోయించు. రేడియేటరు కడుగు. తొందరపడకు.

పెళ్ళి మాట ఎందుకు ఎత్తావు మధ్యలో? ఎప్పుడో అన్న మాట అది. ఆవిడ ఎలా ఉన్నారు?

మీ బాబాయ్,
సత్యప్రసాద్


వేగివారిపాలెం,
20 జూన్ 1995.

బాబాయ్,

తిరిగింది! తిరిగింది! తిరిగింది!

అసలు హేండిల్ ఎక్కడుందో తెలుసా నీకు? గొడ్లసావిడి తలుపుకి అడ్డగడియగా! తొమ్మిదేళ్ళుగా రోజూ నా చేత్తో తీసి వేస్తున్నాను దాన్ని. ఏటా దసరా నాడు సత్తియ్య ఎవరికీ చెప్పకుండా దాన్ని పట్టుకెళ్ళేవాడట. తలుపు తెరుచుకునేది, దూడ వెళ్ళి పాలన్నీ తాగేసేది. "పండగపూటే దీనికి మాయరోగం" అని నాన్నమ్మ తొమ్మిది దసరాలు దూడల్ని తిట్టింది. నిజం తెలిశాక మొన్న సత్తియ్యని తిట్టింది, తొమ్మిదేళ్ళకీ కలిపి.

కిరసనాయిలు పొయ్యడానికి సన్నమూతి గరాటు కావాల్సొచ్చి హైస్కూలు లేబ్‌కి వెళ్ళాను. వీరవేణి టీచరుగారు, "గాజుదమ్మా, నీకిస్తే ముక్కలు తెస్తావు. నేనే వస్తాను పద" అని గరాటుతో పాటు వచ్చారు. గరాటు పని ఒక్కరోజులో అయిపోయింది. టీచరుగారు మాత్రం రోజూ బడి వదలగానే వస్తున్నారు. చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపి, ఆరు ప్లగ్గులూ ఆవిడే గీకారు. కారుబ్యురేటరు విప్పి పరీక్ష పేపరు దిద్దినట్టు దిద్దారు. గాలి గొట్టంలోంచి పాము కుబుసం తీసి, "తొమ్మిదో తరగతికి పనికొస్తుంది" అని పుస్తకంలో పెట్టుకున్నారు.

నాలుగోనాడు నేనూ సత్తియ్యా హేండిల్ పట్టుకున్నాం. మొదట చీమంత కదిలింది. తర్వాత పావు చుట్టు. తర్వాత ఒక్కసారి లోపల్నుంచి ముసలాయన గొంతు సవరించుకున్నట్టు చప్పుడై, మొత్తం తిరిగింది. సత్తియ్య బంపరు మీద తల పెట్టి ఏడ్చాడు. అమ్మ జాకెట్లు కుడుతూ కుడుతూ సూదితోనే పరిగెత్తుకొచ్చింది. నాన్న అరుగు మీంచి లేవలేదు. పేపరు చదువుతున్నట్టు నటించాడు, పేపరు తలకిందులుగా ఉంది.

ఊళ్ళో గగ్గోలు. అమ్మిరాజుగారు టేపు తెచ్చి గట్టు కొలుచుకుని, చెమటలు తుడుచుకుంటూ వెళ్ళారు. నాన్నమ్మ అయితే పంతులుగార్ని పిలిపించి శ్రావణంలో ముహూర్తాలు చూపించేసింది. టీచరుగారింటికి పండూ తాంబూలం కూడా వెళ్ళాయి. వాళ్ళమ్మగారు పుచ్చుకున్నారు.

ప్లగ్గు వైర్లన్నీ ఎలకలు కొట్టేశాయి. పాలకొల్లు నుంచి కొత్తవి తెచ్చాం. ఏ వైరు ఏ సిలిండరుకి వెళ్ళాలో వెంటనే రాయి. రోజులు పరిగెడుతున్నాయి.

మసి మొహంతో,
దుర్గ


జబల్పూర్,
28 జూన్ 1995.

చి. దుర్గకి,

ఉత్తరం అందింది. సంతోషం.

వీరవేణిగారికి శ్రావణంలో ముహూర్తం కుదిరిందన్నమాట. మంచిది. పెళ్ళికొడుకు ఎవరో రాయలేదు నువ్వు. టీచరా? ఏ ఊరు? పాలకొల్లు అయితే వాళ్ళమ్మగారికి దగ్గరగా ఉంటుంది. నాకెందుకులే, ఊరికే అడిగాను. మన అమ్మ దగ్గరుండి తాంబూలం పంపడం పెద్దరికంగా ఉంది. నా తరఫున శుభాకాంక్షలు చెప్పు. వద్దు, చెప్పకు.

వైర్ల వరస అడిగావు. మూతలో ఒకటో నంబరు దగ్గర మొదలుపెట్టి గడియారం తిరిగే వైపుకి 1, 3, 5, 6, 2, 4. నన్ను నిద్దట్లో లేపి అడిగినా ఇది చెబుతాను.

ఇంకో మాట. అంత పాత ఇంజనుతో పెట్టుకోవడం అవసరమా అని కూడా అనిపిస్తోంది. అన్నయ్యకి నేనే నచ్చజెబుతూ ఓ ఉత్తరం రాస్తాను. బండి కదిలినా కదలకపోయినా ఇప్పుడు ఎవరికి ఏం తేడా?

ఇక్కడ వానలు మొదలయ్యాయి.

సత్యప్రసాద్


వేగివారిపాలెం,
10 జూలై 1995.

హవల్దార్ సత్యప్రసాద్ గారికి,

బాబాయ్ అని పిలవను. నువ్వు నాన్న పార్టీలో ఎప్పుడు చేరావో చెప్పు.

ఎవరికి ఏం తేడా అంటావా? నాకు తేడా! నలభై రెండు రోజుల్లో నేను భోపాల్‌లో ఉంటానో, ఇక్కడ ఊరమిరపకాయలు తిరగేస్తుంటానో, ఆ తేడా!

నిన్న ఆదివారం నువ్వు రాసిన వరసలోనే వైర్లు పెట్టాం. కొత్త బ్యాటరీ, కొత్త పెట్రోలు. సత్తియ్య నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి, మిగతా ఆరు చక్రాలకీ క్షమాపణ చెప్పాడు. ఊరంతా గట్టు మీదే ఉంది. అమ్మిరాజుగారు ఇస్త్రీ లాల్చీ పంచెలో, అది కదలదని దగ్గరుండి చూసి సంతోషించడానికి, సరిగ్గా పొగగొట్టం వెనక నిలబడ్డారు. నేను హేండిల్ తిప్పాను. రెండుసార్లు దగ్గింది. మూడోసారి, ఢాం!

చెరువులో బాతులు ఇంకా దొరకలేదు. అమ్మిరాజుగారు పక్కనే దొరికారు, కాలవలో. పైకి తీశాక నల్లగా కళ్ళు మాత్రమే కనిపిస్తుంటే వాళ్ళావిడ, "ఈయన మావారు కాదండి" అన్నారు. అందరూ పడీ పడీ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. హేండిల్ వెనక్కి తన్ని నా మణికట్టు వంకాయలా వాచింది.

అప్పుడొచ్చాడు నాన్న. అరుగు మీంచి ఒక్క దూకు, బనీనుతోనే. తొమ్మిదేళ్ళలో ఆ పాకలో అడుగు పెట్టడం అదే మొదలు. నా చెయ్యి అటూ ఇటూ తిప్పి చూశాడు. బండిని చూశాడు. వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది.

సాయంత్రం టీచరుగారు, "ఏదమ్మా, ఆయన ఏం రాశారో ఒకసారి ఇలా ఇవ్వు" అని నీ ఉత్తరం అడిగి తీసుకున్నారు. వైర్ల కోసమే. కానీ కాగితం మొదట్నుంచీ చదవడం మొదలుపెట్టారు, నేను ఆపేలోపే. పెళ్ళికొడుకు ఎవరో, ఏ ఊరో అన్న దగ్గర ఆగారు. తర్వాత డ్రైవరు ముందున్న ఇత్తడి రేకుని చింతపండు పెట్టి తోమడం మొదలుపెట్టారు, చెంబు తోమినట్టు. మసి కింద అమెరికావాడు చెక్కిన అక్షరాలు బయటపడ్డాయి. 1, 5, 3, 6, 2, 4.

"నిద్దట్లో లేపినా చెప్పే మనిషి మెలకువలో తప్పు రాశాడంటే, రాసేటప్పుడు ఆయన మనసు వైర్ల మీద లేదమ్మా" అన్నారావిడ. అని, మొహం అటు తిప్పుకుని నవ్వుకున్నారు.

ఓ మట్టిబుర్ర బాబాయ్! ఆ ముహూర్తం నీకు! పెళ్ళికొడుకువి నువ్వు! అందుకే కదా నాన్నమ్మ తాంబూలం పంపింది! ఎదురింటి వాళ్ళ పిల్లి కూడా అర్థం చేసుకుంది!

ఎడంచేత్తో రాసిన,
దుర్గాశ్రీ


జబల్పూర్,
18 జూలై 1995.

నా బంగారుతల్లి దుర్గకి,

నేనా?

నీ ఉత్తరం చదివి వర్క్‌షాపు చుట్టూ మూడుసార్లు తిరిగాను, వానలో. నాలుగోసారి సుబేదారుగారు గొడుగు వేసుకుని నాతోపాటు తిరిగి, "ఎవరైనా పోయారా?" అని అడిగారు. ఈయనకి వేరే ఆలోచన రాదు.

1, 5, 3, 6, 2, 4. రేకు మీద ఉన్నదే నిజం. పాతికేళ్ళలో మొదటిసారి తప్పు చెప్పాను, అదీ నీకు. కుట్ర కాదమ్మా, నీ మీద ఒట్టు. ముహూర్తం అన్న మాట దగ్గర కళ్ళు బైర్లు కమ్మాయి, ఆ తర్వాత ఏం రాశానో నాకే తెలీదు. ఎనిమిదేళ్ళ కిందట అమ్మ అడిగినప్పుడు భయమేసి బండి మీదకి నెట్టేశాను. జీతం సరిగ్గా లేదు, పోస్టింగు ఎక్కడో తెలీదు. ఆవిడ ఇంకా ఎదురుచూస్తారని అనుకోలేదు.

నీ చెయ్యి ఎలా ఉంది? మొదటి ఉత్తరంలోనే రాయాల్సింది: హేండిల్ పట్టుకునేటప్పుడు బొటనవేలు మిగతా నాలుగు వేళ్ళ పక్కనే పెట్టాలి, చుట్టి పట్టుకోకూడదు. వెనక్కి తన్నితే జారిపోతుంది. అది రాయకపోవడం వైర్ల కంటే పెద్ద తప్పు. నన్ను క్షమించు.

టీచరుగారికి నేనొక ఉత్తరం రాయొచ్చేమో అడుగుతావా? వద్దులే, అడక్కు. అడుగు.

మట్టిబుర్ర బాబాయ్


వేగివారిపాలెం,
26 జూలై 1995.

బాబాయ్,

అడిగాను. "రాయమనమ్మా. అంకెలు లేకుండా రాయమను" అన్నారు.

ఇంక నవ్వించే సంగతులు అయిపోయాయి. వైర్లు రేకు ప్రకారం మార్చాం. సత్తియ్య తిప్పాడు. దగ్గు లేదు, ఢాం లేదు, రాయి తిప్పినట్టే. ప్లగ్గు బయట పెట్టి చూశాం, నిప్పురవ్వ లేదు. టీచరుగారు వైర్లు వెళ్ళే ఆ నల్లమూత విప్పారు. లోపల మధ్యలో తిరిగే బొటనవేలంత ముక్క ఉంటుందే, ప్రతి సిలిండరుకీ వంతులవారీగా కరెంటు పంచేది, అది లేదు! ఢాం అన్న రోజు ఉంది, నేను తుడిచి పెట్టాను కూడా. ఎవరో వచ్చి మూత తీసి, అదొక్కటీ తీసుకుని, మళ్ళీ క్లిప్పులు పెట్టి మరీ వెళ్ళారు.

అమ్మిరాజుగారే అనుకుని వాళ్ళింటి మీదకి వెళ్ళాను. ఆయన, "అమ్మాయ్, నాకు ఆ బండికి ముందేదో వెనకేదో ఆ కాలవలో పడ్డ రోజే తెలిసింది. ఇంజను మూత ఎలా తీస్తారో తెలీదమ్మా" అన్నారు. నిజమే అనిపించింది. సత్తియ్య కర్పూరం ఆర్పి ప్రమాణం చేశాడు. నాన్నమ్మకి నీ పెళ్ళి కావాలి కాబట్టి ఆవిడ తియ్యదు. భోజనాల దగ్గర అందరి ముందూ అడిగాను, "ఎవరు తీశారో ఇచ్చెయ్యండి, నా జన్మంతా రుణపడి ఉంటాను" అని. అమ్మ ఏడ్చేసింది. నాన్న మజ్జిగ పొయ్యమన్నాడు.

పాలకొల్లు, భీమవరం, తణుకు అన్నీ తిరిగాను. అలాంటి ముక్క ఎవరూ చూడలేదట. ఇంకా ఇరవై ఆరు రోజులు. నాకు ఏడుపొస్తోంది బాబాయ్. ఇంటర్వ్యూ లెటరు రాత్రి దిండు కింద పెట్టుకుంటే పొద్దున నలిగిపోయి ఉంటోంది, నాలాగే.

దుర్గ


జబల్పూర్,
3 ఆగస్టు 1995.

దుర్గమ్మకి,

ఏడవకు. ఆ ముక్కని రోటరు అంటారు. మిలిటరీలో ఒక పద్ధతుంది: బండిని ఎక్కడైనా వదిలి వెళ్ళాల్సి వస్తే, శత్రువు తోలుకుపోకుండా డ్రైవరు ఆ రోటరు తీసి జేబులో వేసుకుంటాడు. తాళం కంటే గట్టిది అది.

మనూళ్ళో ఆ సంగతి తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకణ్ణి నేను. రెండోవాడికి వరదల అప్పుడు గట్టు మీద నిలబడి నేనే నేర్పాను. "అన్నయ్యా, బండి దిగేటప్పుడల్లా ఇది జేబులో వేసుకో, లంకల్లో ఎవడైనా తోలేస్తాడు" అని.

అమ్మిరాజుగారికి క్షమాపణ చెప్పు. అన్నయ్యని నిలదీయకు. ఆయన నీ చెయ్యి చూసి వెళ్ళిపోయాడని నువ్వే రాశావు. వరదల్లో ఆఖరి ట్రిప్పులో బండి నీళ్ళలో ఆగిపోయినప్పుడు వెనక నలభైమంది పిల్లాజెల్లా ఉన్నారు. మళ్ళీ స్టార్టయ్యేదాకా ఆ పది నిమిషాలూ అన్నయ్య మొహం నేను చూశాను. గట్టెక్కి అందర్నీ దింపాక, "ఇంక దీన్ని ముట్టుకోను" అన్నాడు. భయపడ్డానని ఆయన నోటితో చెప్పడమ్మా. మా వంశంలో ఎవరం చెప్పం. బండి మీద పెట్టేస్తాం.

ఇక్కడ పాత మిలిటరీ సామాన్ల బజారు మూడు రోజులు జల్లెడ పట్టాను. దొరికింది! అచ్చం మన బండిదే, నా ప్రాణం మీద ఒట్టు. రిజిస్టర్డు పార్సిల్ పంపుతున్నాను. గుట్టుగా బిగించుకుని తోలేస్తావో, ఏం చేస్తావో నీ ఇష్టం. 20న భోపాల్ స్టేషన్లో నేనుంటాను, నువ్వు వచ్చినా రాకపోయినా.

బాబాయ్


రైల్లో, విజయవాడ దాటాక,
19 ఆగస్టు 1995.

బాబాయ్‌కి,

ఇది పోస్టులో వేస్తే నాకంటే వెనక వస్తుంది. రేపు నీ చేతిలోనే పెడతాను. నోటితో చెప్పొచ్చు కదా అంటావు. నాన్న గురించి నోటితో చెప్పలేను, మన వంశమే కదా.

పార్సిల్ పద్నాలుగున వచ్చింది. సత్తియ్య ఎగిరి గంతేసి, "పదండి అమ్మాయిగారూ, అయ్యగారు పొలం నుంచి వచ్చేలోపు బిగించేద్దాం" అన్నాడు. పాక దాకా వెళ్ళాను. మూత కూడా విప్పాను. కానీ చెయ్యి రాలేదు. అలా దొంగచాటుగా కదిలిస్తే నేను వెళ్ళినట్టవుతుంది గానీ, నాన్న పంపినట్టు కాదు కదా. నాకు ఆయన పంపడం కావాలి. ఇన్నాళ్ళూ ఆ సంగతి నాకే తెలీదు.

మర్నాడు మధ్యాహ్నం విస్తరి వేసి, అన్నం పక్కన, ఆవకాయ వేసే చోట, నీ రోటరు పెట్టాను. "బాబాయ్ పంపాడు. నువ్వు బిగిస్తే బిగించు. లేదంటే ఇంటర్వ్యూ లెటరు కూడా నీకే ఇచ్చేస్తాను" అన్నాను. అమ్మ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. నాన్న ఆ ముక్కని తీసి, వెలుతురుకి పెట్టి, తిరగేసి మరగేసి చూశాడు.

"ఇది ఫోర్డుది. మనదానికి పట్టదు" అన్నాడు.

బాబాయ్, నీ ప్రాణం మీద ఒట్టు ఇంకెప్పుడూ వెయ్యకు.

అప్పుడు నాన్న ఎడంచేత్తో రొంటిన దోపుకున్న చిన్న గుడ్డమూట తీసి, ముడి విప్పి, విస్తరి పక్కన పెట్టాడు. మనది. మెరుస్తోంది. నెల రోజులుగా రోజూ తుడుస్తున్నట్టున్నాడు. "ఆ హేండిల్ నీ మొహానికి తగిలి ఉంటే ఏం చేసేదానివే?" అన్నాడు.

"సగం మొహంతో ఇంటర్వ్యూకి వెళ్ళేదాన్ని."

"వెళ్తావు. నువ్వు వెళ్తావు" అని ఎంతసేపో నన్ను చూశాడు. "అక్కడ తుపాకులు కూడా ఇస్తారా?"

"ఇస్తారు నాన్నా."

"అన్నం తిని రా. ఖాళీ కడుపుతో క్లచ్చి తొక్కలేవు."

ఆయనే బిగించాడు. నన్ను సీట్లో కూర్చోబెట్టి (కోడిని దింపడానికి చాలాసేపు పట్టింది) తనే హేండిల్ పట్టుకున్నాడు, బొటనవేలు నాలుగు వేళ్ళ పక్కనే పెట్టి. నాలుగో తిప్పుకి అందుకుంది బాబాయ్! ఆ చప్పుడు నీకెలా రాయను? సీటు, స్టీరింగు, నా పళ్ళు, ఒంట్లో ఎముకలు అన్నీ ఒక్క పాటే. నాన్న దూకి పక్కన ఎక్కి నా చెవిలో అరుస్తున్నాడు, "క్లచ్చి! గేరు! మెల్లగా వదులు! మెల్లగా అన్నానా!" వదిలాను. కదిలింది.

పాక కూడా కదిలింది. తొమ్మిదేళ్ళుగా సత్తియ్య గాలివానకి ఎగిరిపోకుండా పాక రాటల్ని బండికే కట్టుకుంటూ వచ్చాడట! తాటాకులు, సొరపాదు, నాలుగు సొరకాయలు, మొత్తం ఇల్లు గట్టు మీద నడిచి వెళుతోంది. జనం హాహాకారాలు చేస్తూ వెనక పరుగు. బ్రేకు లేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది మాకు. "చేలోకి తిప్పెయ్! మనదే!" అన్నాడు నాన్న. మొన్న ఊడ్చిన మన చేలోకే దింపి మోకాలిలోతు బురదలో ఆపాను. ఇంక ఇక్కడే మరో తొమ్మిదేళ్ళనుకున్నారు అందరూ. నాన్న నవ్వి, ముందు చక్రాలకీ బలం అందించే ఆ లీవరు లాగాడు. పది చక్రాలూ కలిసి పట్టాయి. పాకని చేలో వదిలేసి, బండి తనంత తనే ఒళ్ళు దులుపుకుని గట్టెక్కింది. నాన్న నవ్వడం చూశావా ఎప్పుడైనా, గట్టిగా, పళ్ళన్నీ కనిపించేలా? నేనూ చూడలేదు ఇరవై రెండేళ్ళలో.

అమ్మిరాజుగారు మాట మీద నిలబడ్డారు. నిన్న పొద్దున్నే ట్రాక్టరు కంకర దింపించారు, మొహం మాడ్చుకుని. సత్తియ్య రెండు రోజులు కూర్చుని బ్రేకులు బాగుచేశాడు. నీకు కార్తీకంలో ముహూర్తం. శ్రావణానికి సెలవు దొరకదని టీచరుగారే మార్పించారు. అప్పుడే నీ సెలవుల లెక్కలు ఆవిడ చేతిలోకి వెళ్ళాయి.

నిన్న సాయంత్రం పాలకొల్లు స్టేషనుకి మా ఊరు మొత్తం ఆ బండిలోనే వచ్చింది. నాన్నమ్మ వెనక కుర్చీ వేయించుకుని, కొత్త చీర కట్టుకుని, చెల్లెలి గడప ముందు దిగింది. "ఇంత ఆలస్యమా?" అని అడిగిందట ఆవిడ. "బండి ఇప్పుడే స్టార్టయిందే" అందట ఈవిడ.

స్టేషను బయట నాన్న దిగలేదు. ఇంజను ఆపితే మళ్ళీ అందుకుంటుందో లేదోనని భయం. ఆపకుండా కాలు ఎక్సిలేటరు మీదే పెట్టుకుని కూర్చున్నాడు. సత్తియ్యకి ఇవ్వొచ్చుగా అంటే, "వాడు ఆపేస్తాడు" అన్నాడు. కిటికీలోంచే నా నెత్తి మీద చెయ్యి పెట్టి, "రైలు కదులుతుంది, పో" అన్నాడు. ప్లాట్‌ఫారం మీదకి అమ్మ, టీచరుగారు, సత్తియ్య అందరూ వచ్చారు, నాన్న తప్ప. రైలు కూత పెట్టింది. ఎవరేం చెబుతున్నారో నాకు వినపడలేదు. గోడ అవతల ఇంజను ఒక్కసారిగా రంకె వేసింది. రైలు కదిలిన కొద్దీ ఇంకా గట్టిగా, ఇంకా గట్టిగా, గేటు దాటి, వంతెన దాటి, వరిచేలు వచ్చాక కూడా ఇంకా వినిపిస్తూనే ఉంది.

ఇట్లు,
నాన్న పంపిన
దుర్గాశ్రీ